మూడు నెలల గొట్టం

మూడు నెలలకు తీయవలసిన గొట్టాన్ని మూడేళ్ళపాటు ఒక మనిషి కంట్లో వదిలేశాం. వదిలేసి, తప్పు ఆమెదేనని రాశాం. రాసి, ఆ రాతను ఏటేటా కొత్త డాక్టర్లకు పాఠంగా చూపించాం.

ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నవి ముందు చెప్పి, తప్పును చివర్లో మెత్తటి గుడ్డలో చుట్టి అందించడం నాకు రాదు. అలా అందించేవాళ్ళను ఆసుపత్రిలో పనిచేసిన ముప్ఫయ్యేళ్ళలో చాలామందినే చూశాను. అందుకే తప్పు ముందు చెప్పాను. ఇప్పుడు తక్కినది చెబుతాను. థియేటర్లలో కొత్తగా పనికి చేరిన పిల్లలు చదువుతారనే రాస్తున్నాను. మీకు కాకపోతే ఇది ఇంకెవరికీ పనికిరాదు.

నేను డాక్టరుని కాను. తణుకుకీ పెనుగొండకీ మధ్య ఒక ట్రస్టు వారి కంటి ఆసుపత్రిలో థియేటర్ అసిస్టెంటుగా చేశాను. ఎనిమిదో తరగతితో బడి మానేసిన వాణ్ణి. స్ట్రెచర్ తోయడానికి చేరి, సామాన్లు ఉడకబెట్టే పనికి ఎక్కి, చివరికి సర్జను చేతికి కత్తెర అందించే చోట నిలబడ్డాను. ఇంగ్లీషు నాకెవరూ నేర్పలేదు. మందుల అట్టపెట్టెల మీది అక్షరాలతో మొదలుపెట్టి, చిరిగిన డిక్షనరీ ఒకటి సంపాదించి, డాక్టర్లు పారేసిన పాత పుస్తకాలు మధ్యాహ్నం వేళ స్టోర్ రూములో కూర్చుని చదివాను. ఒక్కో పేజీకి ఒక్కో వారం. అందుకని ఆసుపత్రిలో అందరూ నన్ను 'డిక్షనరీగారు' అనేవారు. సగం గౌరవం, సగం వెటకారం. నేను గౌరవం సగాన్నే తీసుకునేవాణ్ణి.

మా డాక్టరమ్మగారు కోనసీమ మనిషి. పొట్టి. థియేటర్లో ఆవిడ నిలబడటానికి ప్రత్యేకంగా చెక్కపీట చేయించాం. నీరుకారే కళ్ళ ఆపరేషన్లన్నీ ఆవిడే చేసేవారు, ప్రతి బుధవారం. నా సర్వీసులో పదకొండుమంది సర్జన్ల పక్కన నిలబడ్డాను గానీ, చెయ్యి ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషిని ఈవిడనొక్కరినే చూశాను. కత్తి పట్టే ముందు ప్రతి పేషెంటునీ ఒకే ప్రశ్న వేసేవారు: "ఏం పని చేస్తావమ్మా?" పిచ్చాపాటీ అనుకునేవాణ్ణి మొదట్లో. కాదు. కళ్ళజోడు పెట్టుకునే పనైతే, అది ముక్కు మీద ఎక్కడ ఆనుతుందో చూసి, ఆ చోటు తప్పించి కోత పెట్టేవారు. ఏ పుస్తకంలోనూ నాకు ఈ సంగతి కనబడలేదు.

ఆపరేషన్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కంటి లోపలి మూలలో, పై రెప్పకొకటి కింది రెప్పకొకటి, సూదిమొనంత రంధ్రాలు ఉంటాయి. కన్నీళ్ళు వాటిలోంచి ఒక చిన్న సంచిలోకి, అక్కణ్ణుంచి ముక్కులోకి దిగుతాయి. ఆ దారి పూడిపోతే కన్ను ఎప్పుడూ కారుతూ ఉంటుంది, సంచిలో చీము పడుతుంది. అప్పుడు ఎముకలో చిన్న కిటికీ తీసి ముక్కులోకి కొత్త దారి వేస్తారు. కొందరికి ఆ దారి మళ్ళీ మూసుకుపోకుండా దారంలాంటి సన్నటి సిలికాన్ గొట్టం వేసి, చివరలు ముక్కు లోపల ముడివేస్తారు. బయటికి కనబడేది కంటి మూలలో వెంట్రుకంత మెరుపు, అంతే. దారి మానాక, మూడు నెలలకు, కత్తిరించి లాగేయాలి. రెండు నిమిషాల పని.

ఆమె లేసు అల్లే మనిషి. పాలకొల్లు అవతల ఊరు. ముప్ఫై దాటి ఉంటాయి. అత్తగారిని వెంటబెట్టుకుని మా ఉచిత కంటి క్యాంపు బస్సులో వచ్చింది. ఏ పని చేస్తావని డాక్టరమ్మగారు అడగ్గానే చేతిసంచిలోంచి తెల్లటి లేసుముక్క తీసి చూపించింది. పువ్వు రేకుల మీద పసుపుపచ్చ మరకలు. కంట్లోంచి కారినవి. "ఏజెంటు తిరగ్గొట్టేశాడండి. నాలుగు లేసు కుచ్చులు వరసగా తిరగ్గొట్టాడు. అల్లిక తప్పులేదంటాడు, కన్నే తప్పంటాడు" అంది.

ఆపరేషన్ చక్కగా అయింది. గొట్టం వేశారు. మూడోరోజు ఇంటికి పంపాం. నేను చేసిన పని సరిగ్గా ఆ పంపే చోట ఉంది.

క్యాంపు పేషెంట్లను పంపే రోజున వరండాలో బెంచీల మీద వరసగా కూర్చోబెట్టేవాళ్ళం. పాతికమంది శుక్లాల వాళ్ళు, మధ్యలో ఒకరో ఇద్దరో గొట్టం వాళ్ళు. బస్సు హారన్ కొడుతూ ఉండేది. నేను మధ్యలో నిలబడి పెద్ద గొంతుతో అప్పజెప్పేవాణ్ణి: కన్ను నలపకండి, తలమీంచి నీళ్ళు పోసుకోకండి, ముక్కు గట్టిగా చీదకండి, చుక్కలు మానకండి. గొట్టం వాళ్ళ దగ్గర ఆగి ఇంకో మాట చేర్చేవాణ్ణి. ఆమె దగ్గరా ఆగాను.

"ఇదిగో అమ్మా, మూలలో ఉన్న ఈ పోగుని ముట్టుకోకు. నీ కంటికి ప్రాణం ఇదే. ప్రాణంలా చూసుకో."

అంతే చెప్పాను. మూడు నెలలకు రావాలని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, కార్డు మీద రాసి ఉంది కదా. కార్డు ఇంగ్లీషులో ఉంది. 'ట్యూబ్ రిమూవల్' అని పొట్టిగా రెండక్షరాలు, పక్కన పన్నెండు బై యాభై రెండు. పన్నెండు వారాలు అని డాక్టర్ల సంకేతం. అది చూడగానే నాకు అర్థమయ్యేది. నాకు అర్థమవుతుందన్న సంబరంలో, ఈ లోకంలో అది అర్థంకాని వాళ్ళు ఉంటారన్న సంగతే నాకు తట్టలేదు. సొంతంగా చదువుకున్నవాడికి పట్టే జబ్బు ఇది. మీలో ఎవరికైనా ఉంటే ఇప్పుడే వైద్యం చేయించుకోండి.

మూడు నెలలకు క్యాంపు బస్సు ఆ ఊరు వెళ్ళాలి, డప్పు వేయించి పాత పేషెంట్లను ఎక్కించుకోవాలి. ఆ ఏడు క్యాంపు మెట్ట వైపు మార్చారు. బస్సు జంగారెడ్డిగూడెం దారి పట్టింది. పాలకొల్లు అవతల డప్పు మోగలేదు. మా ఆఫీసు రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా 'రాలేదు' అని పడింది.

మూడేళ్ళు గడిచి, గోదావరి పుష్కరాలు అయిన తర్వాత ఒక ఉదయం ఓపీలో అత్తాకోడళ్ళు కనబడ్డారు. కోడలు కంటికి తెల్లటి గుడ్డ అడ్డం పెట్టుకుని ఉంది. గుడ్డ తీస్తే, కంటి మూలలో దానిమ్మగింజను మించిన ఎర్రటి కండ. తాకితే నెత్తురు. దాని పక్కనే, మురికి పట్టి, గొట్టం. రంధ్రాన్ని కోసుకుంటూ రెప్పలోకి దిగిపోయి ఉంది.

వాళ్ళ ఊరి దగ్గర ఎవరో చూసి "క్యాన్సరేమో, పెద్దాసుపత్రికి వెళ్ళండి, కన్ను తీసేయాల్సి రావచ్చు" అన్నారట. ఆ మాట పడ్డాక ఆమె లేసు సూది ముట్టుకోలేదు.

డాక్టరమ్మగారు దీపం దగ్గరకు లాక్కుని చాలాసేపు చూశారు. "గొట్టం ఎప్పుడు వేశాం?" అన్నారు. ఆమే సంచిలోంచి కార్డు తీసింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, నాలుగువైపులా దారంతో కుట్టి ఉంది. నిన్న ఇచ్చినట్టు ఉంది కార్డు.

అత్తగారు మాట అందుకున్నారు. "మా కోడలు ఆ గొట్టానికి చేసిన సేవ నాకు చేసుంటే నేనింకో ఇరవయ్యేళ్ళు బతుకుదునండి! తలంటు లేదు. ఏడుపొస్తే ఏడవదు, తడిసిపోద్దని. పుష్కరాలకి గోదాట్లోకి దిగి తల ముంచలేదండి ఇది. దోసిట్లో నీళ్ళు తీసుకుని పాపిట మీద ఇలా చిలకరించుకుంది. నేను చీవాట్లు పెడితే 'డాక్టరుగారు వేసిన నరం అత్తయ్యా, పాడైపోద్ది' అంటది!"

"మరి ఈ కార్డు ఎవరికీ చూపించలేదా అమ్మా?" అన్నారు డాక్టరమ్మగారు.

"చూపించానండి. బళ్ళో మేస్టారు చదివి, ఏవో రెండు ఇంగ్లీషు అక్షరాలున్నాయి, పక్కన ఏదో లెక్కుంది, నాకు తెలీదమ్మా అన్నారండి. లెక్క డాక్టర్లకి తెలుసులే అనుకున్నాం" అంది కోడలు.

ఆఫీసు మేనేజరు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. మంచివాడే గానీ రిజిస్టరు చేతిలో ఉంటే మనిషి మారిపోయేవాడు. "మేడమ్, ఈవిడ చెప్పిన టైముకి రాలేదండి. రాని క్యాంపు పేషెంటుకి రెండో ఆపరేషన్ ఇవ్వకూడదని రూలు. ఆ మంచం ఇంకొకరికి ఇవ్వాలి."

డాక్టరమ్మగారు చేతులు కడుక్కుంటూనే అన్నారు: "రెండోది ఎక్కడిదండీ? ఇది మొదటిదే. ఇంకా పూర్తి కాలేదు. పూర్తిచేసి ఇస్తాను."

మేనేజరు రిజిస్టరు మూసి వెళ్ళిపోయాడు. ఆ వాక్యాన్ని నేను ఎన్నోసార్లు నాలో నేను అనుకున్నాను. డిక్షనరీలో అన్ని మాటలున్నాయి గానీ వాటిని ఆ వరసలో పెట్టే గుండె ఒక్కొక్కరికే ఉంటుంది.

బుధవారం వచ్చింది. మా చోట ఇలాంటి ఆపరేషన్లు మత్తు ఇవ్వకుండా, ఆ భాగం మొద్దుబారేలా సూది వేసి చేసేవారు. పేషెంటుకి అన్నీ వినబడతాయి. ఆమె ముఖం మీద పచ్చగుడ్డ, ఒక్క కన్ను మాత్రం బయటికి. డాక్టరమ్మగారు చెక్కపీట మీద. నేను ఇవతల, కత్తెరలు వరసగా పెట్టుకుని.

పట్టకారు గొట్టానికి తగిలిందో లేదో, గుడ్డ కింద నుంచి గొంతు వచ్చింది. "మెల్లిగా అండీ. గొట్టం జాగ్రత్తండీ."

డాక్టరమ్మగారి చెయ్యి ఆగింది. "దాన్నే తీసేస్తున్నానమ్మా."

"అయ్యబాబోయ్! తీసేస్తే కన్ను పోదాండీ?"

"పోదు. మూడు నెలలకే తీసేయాల్సింది. ఉండిపోబట్టే ఆ కండ పెరిగింది."

చాలా మామూలుగా, "మరి నాకెవరూ చెప్పలేదేంటండీ?" అంది.

"చెప్పలేదు. తప్పు మాదేనమ్మా" అన్నారు డాక్టరమ్మగారు.

ఒక సర్జను, ఆపరేషన్ టేబులు దగ్గర, ఇద్దరు నర్సులు వింటుండగా పేషెంటుతో ఆ మాట అనడం అంతకుముందు నేను వినలేదు. ఆ తర్వాతా వినలేదు.

"మీదేం లేదులెండి. మీ దగ్గర ఒకాయన ఉండేవారండీ, వరండాలో గట్టిగా చెప్తారు, ఆయనే అన్నారండి. ప్రాణంలా చూసుకోమన్నారు. అలాగే చూసుకున్నానండి. ఏదన్నా తప్పు చేశానాండీ?"

ఆ ఒకాయన ఆమె తలకు జానెడు దూరంలో కత్తెర పట్టుకుని నిలబడి ఉన్నాడు. గుడ్డ కింద ఉన్న మనిషికి తెలియదు. నోరు విప్పి "నేనేనమ్మా" అంటే తెలిసేది. నోటికి మాస్కు ఉంది. మాస్కు వెనకాల నుంచి మాట రాదా? ఆ రోజు రాలేదు.

డాక్టరమ్మగారు తల ఎత్తలేదు. "నువ్వేం తప్పు చెయ్యలేదు" అని ఆమెతో అని, చెయ్యి చాపి, "కత్తెర, డిక్షనరీగారూ" అన్నారు. ఎప్పటి గొంతే. అందించాను.

కంటి మూలలో గొట్టాన్ని కత్తిరించి, ముక్కులోంచి లాగారు. తేనెరంగు తిరిగిన వేలెడు ముక్క. తర్వాత ఆ కండను మొదలంటా కోసి, నెత్తురొచ్చే చోట చురక పెట్టారు. మా థియేటర్లో ఒకప్పుడు చిన్నచిన్న ముక్కలు బకెట్లోకి వెళ్ళేవి. ఆవిడ వచ్చాక ఏ ముక్కా బకెట్లో పడటానికి వీల్లేదన్నారు. కండను ల్యాబు పరీక్షకని ఫార్మలిన్ సీసాలో వేసి నా చేతికిచ్చారు. చీటీ నేనే రాసి అంటించాను.

ల్యాబు నుంచి జవాబు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆ పాత పుస్తకాన్ని ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి చదివాను. కన్నీటి సంచిలో, రంధ్రాల దగ్గర పెరిగే గడ్డల్లో మంచివి ఏవి, చెడ్డవి ఏవి, అంతా. చదివినకొద్దీ భయం పెరిగిందే గానీ, ఒక్క ముక్క కూడా ఆమెకు పనికొచ్చేది కాదు.

రిపోర్టు వచ్చింది. వాపు వల్ల పెరిగిన కండ, క్యాన్సర్ లక్షణాలు ఏవీ లేవు. పరాయి వస్తువు ఒరుసుకుని ఒరుసుకుని, ఒంటికి కోపం వచ్చి పెంచిన మాంసం, అంతే. డాక్టరమ్మగారు కాగితం చదివి నా చేతిలో పెట్టారు. "ఉత్తరం వేస్తే ఎవరో చదివిపెట్టాలి. మీరు వెళ్ళి తెలుగులో చెప్పి రండి" అన్నారు. 'తెలుగులో' అన్న మాట దగ్గర కాస్త ఆగారు. నాకు తగిలింది.

బస్సెక్కి పాలకొల్లు, అక్కణ్ణుంచి ఆటో. కాలువగట్టు పక్క ఇల్లు. అరుగు మీద కూర్చుని ఆమె లేసు అల్లుతోంది! రిపోర్టు రాకముందే మొదలుపెట్టేసింది. ఒళ్ళో పరిచిన తువ్వాలు మీద తెల్లటి కుచ్చు, ఒక్క మరక లేదు.

"క్యాన్సర్ కాదమ్మా" అన్నాను, అరుగెక్కకుండానే.

అత్తగారు లోపలినుంచి పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు, నాకో దేవుడికో తెలియలేదు. ఆమె మాత్రం నా గొంతు విని తేరిపార చూసింది. "మీరేనాండీ ఆయన? వరండాలో చెప్పేది?"

"నేనే."

"ఆ గొట్టం ఏం చేశారండీ?"

"పారేశాం."

"మూడేళ్ళు పెంచుకున్నాను కదండీ" అని నవ్వింది. కోపం లేదు. తిట్టి ఉంటే నాకు తిరిగి తిట్టడమో, క్షమించమనడమో ఏదో ఒకటి కుదిరేది. మజ్జిగ ఇస్తే తాగి వచ్చేశాను.

ఆ తర్వాత కార్డులు మారాయి. దానికి నేను చేసిన గొడవ ఆ ఆసుపత్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కార్డు తెలుగులో, పెద్ద అక్షరాల్లో, గొట్టం బొమ్మతో, 'ఈ తేదీకి వచ్చి తీయించుకోవాలి' అని పక్కన కత్తెర బొమ్మతో వచ్చేదాకా నేను మేనేజరు గదిలోంచి కదల్లేదు. "మిమ్మల్ని మీరు గుమాస్తా అనుకుంటున్నారా, సర్జన్ అనుకుంటున్నారాండీ?" అన్నాడు. "తెలుగువాణ్ణి అనుకుంటున్నానండి" అన్నాను.

కానీ ఇంకోటి మిగిలింది. ఆపరేషన్‌కు ముందు తీసిన ఆమె కంటి ఫోటోను ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు స్లయిడు చేయించారు. కొత్తగా శిక్షణకు వచ్చే డాక్టర్లకు ప్రతి ఏడూ క్లాసు ఉండేది. డాక్టరమ్మగారు ఆ వేళకు థియేటర్లో ఉండేవారు, క్లాసుకు రావడం కుదిరేది కాదు. ప్రొజెక్టరు తిప్పేది నేను. చీకటి గదిలో గోడ మీద ఆమె కన్ను తలుపంత అయ్యేది. కింద ఇంగ్లీషులో, 'పేషెంటు అశ్రద్ధ వల్ల.'

మొదటి ఏడు క్లాసయ్యాక వెళ్ళి, "అయ్యా, ఆ మాట తప్పండి. మనమే చెప్పలేదు" అన్నాను.

"నువ్వు ప్రొజెక్టరు తిప్పవయ్యా" అన్నారు పెద్ద డాక్టరుగారు.

తిప్పాను. రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ తిప్పాను. నెత్తి మీద నీళ్ళు పోసుకోవడానికి కూడా భయపడి గొట్టాన్ని కాపాడిన మనిషిని అశ్రద్ధ మనిషి అని, నా చేతుల్తో నేనే గోడ మీద వేశాను.

రిటైరయ్యాక ఉత్తరాలు రాశాను. ఒకటి పెద్ద డాక్టరుగారికి, ఒకటి ట్రస్టు ఆఫీసుకు. జవాబు లేదు. పెద్ద డాక్టరుగారు దిగిపోయి, డాక్టరమ్మగారు ఆ కుర్చీలోకి వచ్చారని తెలిసి ఆవిడకు మూడోది రాశాను. నాలుగు పేజీలు, ఇంగ్లీషులో, డిక్షనరీ దగ్గర పెట్టుకుని. కార్డు తప్పు, బస్సు తప్పు, మేనేజరు తప్పు, పెద్ద డాక్టరుగారి తప్పు, అన్నీ నంబర్లు వేసి రాశాను. ఒక్క తప్పుకు మాత్రం నంబరు వేయలేదు. అది ఏదో మీకు ఇప్పటికి తెలుసు.

చాలా నెలలు గడిచాక జవాబు వచ్చింది. ఆవిడ సొంత చేతిరాత. కింద ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"డిక్షనరీగారికి నమస్కారం. ఇంగ్లీషు కార్డులను తిడుతూ మీరు ఇంగ్లీషులో ఉత్తరం రాశారు కాబట్టి నేను తెలుగులో జవాబిస్తున్నాను. ఆలస్యానికి ఏమీ అనుకోకండి. స్లయిడ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం, మీరు చెప్పినది ఇప్పుడు దొరికింది. ఫైలులో మీ పాత ఉత్తరాలు రెండూ కూడా చదివాను. ఫోటో కింద మాట కొట్టేశాను. ఇప్పుడు అక్కడ 'మూడు నెలలకు తీయాలని మేము ఆమెకు చెప్పలేదు' అని తెలుగులో ఉంది. మేము అంటే ఎవరని కొత్త పిల్లలు అడుగుతున్నారు. గొట్టం వేసిన మనిషిని నేను, తీయాలని ఆమెకు చెప్పలేదు అని నా వంతు నేను చెబుతున్నాను. రెండో వంతు మీది, అది నేను చెప్పకూడదు. ఆ రోజు టేబులు దగ్గర ఆవిడ అడిగింది మీరూ విన్నారు, నేనూ విన్నాను. వచ్చే బుధవారం క్లాసు ఉంది. మీ కుర్చీ ప్రొజెక్టరు పక్కన కాదు, ముందు వరసలో వేయిస్తాను. ఆ ఫోటో వచ్చినప్పుడు లేచి, వరండాలో చెప్పేంత గట్టిగా చెప్పండి. మనం చెప్పనిది ఏదో చెప్పాక, చెప్పినదంతా ఆవిడ ఒక్క ముక్క పొల్లుపోకుండా చేసిందని కూడా చెప్పండి."